నల్లిసక దిండు

దారం రంగు మారితే సంతోషించాలో ఏడవాలో తెలియని ఉద్యోగం నాది.

మూడేళ్ళపాటు మాత్రం ఏడుపే. ఎందుకంటే అది అక్కర్లేనప్పుడల్లా మారేది. ఎండ తగిలితే మారేది, చెమట తగిలితే మారేది. ఒకసారి మా డైరెక్టరు విశ్వేశ్వర పట్నాయక్ గారు దాని పక్కన వేడి టీ గ్లాసు పెట్టినందుకు కూడా మారింది. మిల్లు నూలుకు పట్టించే నూనె వల్ల రంగు మార్చే మందు సరిగా అంటడం లేదని కనిపెట్టడానికి ఏడాది పట్టింది. తర్వాత చేత్తో వడికిన సన్న నూలు తెప్పించి, మందులో నానబెట్టి, పైన ఎండను అడ్డుకునే పూత వేశాను. ఇక అది దేనికీ లొంగలేదు, ఒక్క రేడియేషన్‌కి తప్ప.

మామూలుగా పసుపుపచ్చగా ఉంటుంది. రేడియేషన్ తగిలేకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతుంది, ఇంకా తగిలితే నీలానికి. తగిలిందంతా అందులోనే పోగవుతుంది, వెనక్కి పోదు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, చదివి చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. కళ్ళుంటే చాలు.

"రేడియేషన్ మీటరు అబద్ధం చెప్పదు బంగారమ్మ గారూ," అన్నారు పట్నాయక్ గారు, మొదటి మంచి దారాన్ని వెలుతురులో పెట్టి చూస్తూ. "కానీ ఆ మీటరు ఎవరి జేబులో ఉందో జనం చూస్తారు. ఇది ఎవరి గుమ్మానికి వాళ్ళు కట్టుకోవచ్చు. మీ ఊరి నుంచే మొదలుపెడదాం."

మా ఊరు నల్లిసకపాలెం. విశాఖ నుంచి బస్సులో మూడు గంటలు. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల మెట్ట మీద చిన్న అణువిద్యుత్ కేంద్రం నాలుగేళ్ళుగా నడుస్తోంది. మావాళ్ళు దాన్ని కొలిమి అంటారు. రెండో యూనిట్ కట్టడానికి డిసెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఆలోపల దారాలు కట్టి ఫలితం తేల్చాలి.

"మీ ఊరివాళ్ళు మీ మాట వింటారు కదా?" అని అడిగారాయన.

"మా ఊళ్ళో నన్ను డాక్టరంటారు సార్. పళ్ళునొప్పికి మందడుగుతారు. అంతకుమించి వినరు," అన్నాను.

సెప్టెంబరు నెలాఖరులో మూడొందల దారాలు సంచిలో వేసుకుని దిగాను. తొమ్మిది రోజుల ముసురు అప్పుడే వదిలింది. ఆ తొమ్మిది రోజులూ ఎండ లేదు. విచిత్రంగా గాలీ లేదు. ఒడ్డు పొడవునా ఉన్న గాలిమరలు రెక్కలు ముడుచుకుని నిలబడ్డాయట, ఇళ్ళ కప్పుల మీది సోలారు పలకలు వాననీళ్ళు మోశాయట. అయినా ఊరి చివర ఐసు ఫ్యాక్టరీ ఒక్క పూట ఆగలేదు.

అన్నం ముందు కూర్చున్నామో లేదో నా తమ్ముడు తాతారావు మొదలెట్టాడు. వాడు కొలిమి వ్యతిరేక సంఘానికి కార్యదర్శి. మిగతా సమయంలో వేటకు వెళ్తాడు.

"ఏటప్పా, ఆ కొలిమోళ్ళు నీకు జీతవిస్తన్నారా?"

"ఇస్తే బస్సులో ఎందుకొస్తాన్రా, కారులో దిగుదును."

"సరే గానీ ఆళ్ళ బూడిదెక్కడ ఎడతారో సెప్పు."

"అక్కడే. వాడేసిన ఇంధనం ముందు నీళ్ళ తొట్టెల్లో, తర్వాత కాంక్రీటు పెట్టెల్లో."

"ఎన్నాళ్ళు?"

"నీ మనవలికి మనవలు పుట్టినా ఉంటాది," అన్నాను. అబద్ధమెందుకు చెప్పాలి?

"సూసినావా!" అని వాడు అమ్మ వైపు తిరిగాడు, గెలిచేసినట్టు.

మా అమ్మ ఎల్లమ్మ ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. బజారులో బేరమాడి ఆమెను గెలిచినవాళ్ళు లేరు. వాడి కంచంలో ఇంకో చేప ముక్క వేసి, నింపాదిగా అంది.

"మొన్న తొమ్మిది రోజులు ఎండ నేదు, గాలి నేదు. మరి ఐసెక్కడ్నుంచొచ్చిందిరా? ఆ మెట్ట మీద్నుంచే గదా. ఐసు నేకపోతే నీ వంజరాలు ఏ గోతిలో పారబోసీవోడివి?"

"నువ్వు ఆళ్ళ పార్టీయేటే?"

"నాను ఐసు పార్టీ."

నవ్వాపుకోలేక నాకు పొలమారింది. వాడు ఊరుకోలేదు. కొలిమి వదిలే వేడినీళ్ళకి పండుగప్ప చేపలు దూరం పోయాయన్నాడు. అది నిజమే. ఇన్నాళ్ళూ దేశమంతా కాల్చిన బొగ్గు వల్లే సముద్రం పెరిగి మన మూడో వీధిని మింగిందని నేనన్నాను. అదీ నిజమే. రెండు నిజాలూ కంచాల మధ్య అలా ఉండిపోయాయి. చివరికి ఒక్క ఒప్పందం కుదిరింది. కొలిమి కంచెకి దారాలు వాడే తన చేత్తో కడతాడు, వాడే విప్పుతాడు.

మర్నాడు గుమ్మాలకీ, పడవలకీ, ఐసు ఫ్యాక్టరీకీ, బడికీ, కంచెకీ కట్టాం. అరవై రోజులు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి నేను విశాఖ వచ్చేశాను. లెక్కకు రెండొందల తొంభైతొమ్మిదే కట్టాం. ఒకటి ఎక్కడో జారిపోయిందనుకున్నాను.

నవంబరు చివర వెళ్ళేసరికి కంచె దారాలన్నీ తమ్ముడి చేతిలో ఉన్నాయి. చామంతి పువ్వంత పసుపు. వాడి మొహం చూసి జాలేసింది. కొలిమి మంచిది కావాలని వాడు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కోరుకోలేదు.

ఊరి దారాలు మాత్రం వింతగా ఉన్నాయి. రోడ్డు వైపు ఇళ్ళవి పసుపు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ లేత ఆకుపచ్చ. కొలిమి ఉన్నది ఉత్తరాన, ఈ రంగు పెరిగేది తూర్పుకి. ఇదేమిటి? నాకు ఇలాంటివి దొరికితే ఆకలి వేయదు. పెరట్లో దారాలు వరసగా పరిచి చూస్తుంటే, పక్కనే అమ్మ కాళ్ళు చాపుకుని మనవరాలికి నీళ్ళు పోస్తోంది. తమ్ముడి కూతురు ధరణి, ఆరు నెలల పిల్ల. నూనె రాసిన ఒంటి మీద నల్ల మొలతాడు, దాని పక్కనే ఇంకో దారం.

ఆ రెండోది నీలంగా ఉంది.

"అమ్మా, అదేటి?"

"నీ దారవేనే. పసుపుపచ్చగా ఉంది, సేత్తో వడికింది, మంచిదని సంటిదానికి కట్టినాను. రంగు దిగిపోనాది. నాసిరకంది ఇచ్చినావు."

నాకు భయం వేసింది. చాలా భయం వేసింది. పరాయి పిల్ల అయితే కుతూహలం ముందు వచ్చేదేమో. ఆ దారం వైపు చూస్తుంటే చదువంతా మర్చిపోయి, మొదట పిల్ల నుదురు తడిమి జ్వరముందేమో చూశాను.

అమ్మకు ఏమీ చెప్పలేదు. దారం విప్పి తీసుకుని విశాఖ వచ్చేశాను. నా దారానిదే తప్పయి ఉండాలని, మూడేళ్ళ పని పాడయినా పరవాలేదని, బస్సులో కూర్చుని కోరుకున్నాను.

చంటిపిల్ల ఒంటికి తగిలేవన్నీ ల్యాబులో పెట్టి చూశాను. కొబ్బరినూనెలో ఒక దారం, సెనగపిండిలో ఒకటి, పసుపులో ఒకటి, ఉప్పునీళ్ళలో ఒకటి. నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగలో ఒకటి వేలాడదీశాను. రెండు రోజులకు మా రసాయన ప్రయోగశాల పురిటింటి వాసన కొట్టింది. పట్నాయక్ గారు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా, ఎవరైనా స్నానం చేస్తున్నారా అని అడిగారు. నాలుగో రోజుకి కూడా దారాలన్నీ పసుపుగానే ఉన్నాయి. ఆయన నవ్వు మానేశారు.

"దారం సరిగ్గానే ఉంది. మీ ఇంట్లో ఏదో ఉంది," అన్నారు. చేతిలో ఇమిడే మీటరొకటి బీరువా తీసి నాకిచ్చారు.

ఊరెళ్ళి మా ఇంట్లో ఆ మీటరు పట్టుకుని తిరిగాను. వాసాల దగ్గర మామూలు. కిటికీ దగ్గర మామూలు. నేల దగ్గర కాస్త ఎక్కువ. పిల్ల చాప దగ్గరకు రాగానే మీటరు ఆపకుండా కూసింది. చాప మీద పిల్లకు రెండు పక్కలా రెండు చిన్న దిండ్లు, తల కింద ఒకటి. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న దిండ్లే. అలవాటైనవి కంటికి ఆనవని ఎవరో చెప్పాల్సిన పని లేదు, నేనే ఉదాహరణ.

వేరే ఊళ్ళలో చంటిపిల్లల తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెడతారు. మా ఊళ్ళో నల్లిసక దిండు పెడతాం. చల్లగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, పక్కన ఆనించి పెడితే పిల్ల నిద్దట్లో ఉలిక్కిపడదు. అమ్మ కుట్టిన దిండ్లకి మా ఊళ్ళో పేరు. పురుడు వస్తే ఆమెనే అడుగుతారు.

"ఎలా చేస్తావమ్మా ఇవి?" అన్నాను, మీటరు ఆపి కొంగులో దాచి.

ఇన్నాళ్ళకు అడిగినందుకు ఆమె మొహం వెలిగింది. నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళింది. అల్యూమినియం పళ్ళెంలో ఇసక పోసి, అల వెనక్కి మళ్ళేటప్పుడు ఆ నీళ్ళలో నెమ్మదిగా తిప్పింది. తేలికైన తెల్లిసక నీళ్ళతో జారిపోయింది. నల్లది మిగిలింది. మళ్ళీ తిప్పింది. అందులోనూ తేలికది పోయింది. పదిసార్లయ్యాక పళ్ళెం అడుగున గుప్పెడు మిగిలింది. నల్లటి గింజల మధ్య తేనెరంగు గింజలు మెరుస్తున్నాయి.

"ఇయ్యి సూడు. అందరూ రెండుసార్లు కడిగి ఒగ్గేస్తారు. నాను ఇయ్యొచ్చీదాకా ఒగ్గను. ఈ తేనెరంగియ్యి ఎంతెక్కువుంటే దిండంత బరువు, అంత సల్లన. ఒక్క దిండుకి నాలుగు రోజులు పడతాది. నీకూ ఇలాగే సేసినాను, నీ తమ్ముడికీ ఇలాగే."

ఆ తేనెరంగు గింజల్లో థోరియం ఉంటుంది, రేడియేషన్ వదిలేది అదే. రేపటి రియాక్టర్లు దానితో నడపాలని మన శాస్త్రవేత్తలు ఎన్నాళ్ళ నుంచో కలలు కంటున్నారు. మా తీరానికి కొండల నుంచి కొట్టుకొచ్చి, మనుషులు పుట్టకముందు నుంచీ అక్కడే పడి ఉంది. ఖనిజ కర్మాగారాల్లో యంత్రాలు పెట్టి వేరుచేసేదాన్ని మా అమ్మ పళ్ళెంతో, నాలుగు రోజుల ఓపికతో, ప్రేమకొద్దీ వేరుచేసి మనవరాలి తల కింద పెట్టింది. ఎవరికంటే బాగా చేయాలని చూసిందో, వాళ్ళకే ఎక్కువ తగిలింది.

చెప్పక తప్పదు. అక్కడే, తడి ఇసక మీద కూర్చోబెట్టి చెప్పాను. మామూలుగా ఒక మనిషికి రెండేళ్ళలో తగిలేది ధరణికి రెండు నెలల్లో తగిలిందన్నాను.

"ఏటవుతాది దానికి?"

"ఏమీ కాకపోవచ్చు. ఇలాటి ఇసక మీద తరతరాలు బతికినోళ్ళని వేరేచోట ఏళ్ళ తరబడి చూశారమ్మా. పెద్ద తేడా కనపడలేదు. కానీ పిల్ల తల కింద పెట్టమని మాత్రం ఎవరూ చెప్పరు."

"కాకపోవచ్చు అంటే?"

"అంతకన్నా గట్టిగా నేను చెప్పలేను."

అమ్మ పళ్ళెంలోది అలలోకి ఒంపేసింది. తర్వాత రెండు చేతులూ సముద్రంలో కడుక్కుంది. పైకి తీసి చూసుకుని మళ్ళీ కడుక్కుంది. చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

విషయం తమ్ముడికి, పట్నాయక్ గారికి చెప్పాను. అక్కడి నుంచి ఎలా పొక్కిందో, రెండు రోజుల్లో ప్లాంటు ప్రజాసంబంధాల అధికారి రఘురామ్ గారు ల్యాబుకు వచ్చారు. మంచి మనిషే, మాట్లాడే తీరు మెత్తన.

"మేడమ్, సభలో మీరు రెండే రెండు దారాలు చూపించండి. మా కంచెది ఒకటి, ఆ పాపది ఒకటి. ఇంకేమీ చెప్పక్కర్లేదు. జనమే అర్థం చేసుకుంటారు."

"ఏమని?"

"మా ప్లాంటు కన్నా వాళ్ళ దిండే ప్రమాదమని."

ఆ సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. "అప్పా, ఆ నీలం కొలిమి వల్లే వచ్చిందని సెప్పీయ్. నువ్వు సెప్తే నమ్ముతారు."

"అది నిజం కాదురా."

"అయితే అసలు సెప్పకు. అమ్మ పేరు బయటికొస్తే మా కొండమ్మ సంటిదాన్ని అమ్మ సేతికియ్యదు. ఊళ్ళో ఎవులూ పురుడుకి పిలవరు. బజార్లో సేపలెవులు కొంటారు? ఆలోసించు."

నేను ఆలోచించాను. కొండమ్మ వాడి భార్య. వాడు చెప్పిన ప్రతిమాటా జరిగేదే. మరోవైపు ఊళ్ళో అలాంటి దిండ్ల మీద ఇంకా పదకొండు మంది పిల్లలు పడుకుంటున్నారు. ఇల్లిల్లూ తిరిగి గుట్టుగా చెప్పుకురావచ్చు, నిజమే. కానీ సభలో ధరణి దారం దాచిపెట్టి మిగతావి చూపిస్తే, ఆ దారాన్ని కనిపెట్టి ఏం లాభం? ఇన్నాళ్ళూ మీటరు వేరేవాళ్ళ జేబులో ఉందని ఏడ్చాం. ఇప్పుడు అది నా జేబులోకి వస్తుంది, అంతే. అలా ఎంత అనుకున్నా, ఆమె నా తల్లి. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

సభ కల్యాణమండపంలో జరిగింది. వేదిక మీద జాయింట్ కలెక్టరు, ఒక పక్క ప్లాంటువాళ్ళు, ఎదురుగా ఎనిమిది ఊళ్ళ జనం. నన్ను పిలిచారు. కంచె దారాలు చూపించాను, ఊరివి చూపించాను. ఒడ్డు ఇసకలో సహజంగా ఉండే ఖనిజం వల్ల ఆ ఆకుపచ్చ అని చెప్పాను. నీలం దారం పైకెత్తి, అది ఎవరి ఒంటి మీదిదో చెప్పకుండానే బల్ల మీద పెట్టేశాను. ముందు వరసలో అమ్మ కూర్చుని ఉంది.

ఆమె లేచింది. ఎవరూ పిలవకుండానే మైకు దగ్గరకు వచ్చి, చీర మడతలోంచి దిండు తీసి బల్ల మీద పెట్టింది.

"నా పేరు సూరాడ ఎల్లమ్మ. సేపలమ్ముతాను. ఈ దిండు నానే కుట్టినాను. నా మనవరాలు దీని మీదే పడుకుంది. ఆ నీలం దీని వల్ల వచ్చింది, కొలిమి వల్ల రానేదు. మీ ఇళ్ళల్లో ఇలాటియ్యి ఉంటే ఇయ్యాలే తీసీండి. ఆవాలు ఎట్టుకోండి."

హాలులో గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఎవరో ఆడమనిషి "ఓలమ్మో" అంది. రఘురామ్ గారు కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అమ్మ ఆయన వైపు తిరిగింది.

"నాను తెలీక సేసినాను బాబూ. తెలిసిన రోజే తీసీసినాను. ఇంతమంది ముందు నిలబడి సెప్తన్నాను. మాకు ఐసు కావాల. కరెంటు కావాల. పొగ వద్దు. అయితే రేపు మీ కొలిమిలో ఏదైనా తప్పు జరిగితే, మీలో ఎవులు ఇలాగ నిలబడి సెప్తారు?"

"దానికి మాకు ఒక వ్యవస్థ ఉందమ్మా. నియంత్రణ మండలి ఉంది, నివేదికలు..."

"యెవస్త కాదు బాబూ. పేరు సెప్పు."

ఆయన పక్కవాళ్ళ వైపు చూశారు. పక్కవాళ్ళు కాగితాల వైపు చూశారు. ప్లాంటువాళ్ళ చివరి వరసలో నెరిసిన జుట్టాయన ఒకరు లేచారు.

"నా పేరు దామోదరం. షిఫ్టు ఇంజినీరుని. నా షిఫ్టులో జరిగితే నేను చెప్తానమ్మా."

"పిల్లలున్నారేటి?"

"ఇద్దరు. మెట్ట మీద కాలనీలోనే ఉంటాం."

అమ్మ జాయింట్ కలెక్టరు వైపు తిరిగి, "రాసుకోండి," అంది.

పేపర్లు ఆ పేరు రాసుకోలేదు. దిండు ఫొటో వేసుకున్నాయి. 'ఊళ్ళోనే అణుముప్పు' అని ఒక పేపరు, 'చంటిపిల్ల కింద థోరియం' అని ఇంకొకటి. మూడు నెలలు నల్లిసకపాలెం చేప అంటే టౌనులో ఎవరూ ముట్టుకోలేదు. ఇసకలోది చేపలోకి రాలేదని, కొలిచి చూశామని, నేను రెండు పేపర్లకు ఉత్తరాలు రాశాను. ఒకటి వేశారు, నాలుగో పేజీలో, వధూవరుల ప్రకటనల పక్కన. ఊరిని ఖాళీ చేయించాలని ఎవరో కేసు వేశారు. అది కొట్టేసేసరికి వేసవి వచ్చింది. కొండమ్మ పిల్లను తీసుకుని పార్వతీపురం దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. అత్తగారిని ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు పిల్లను ఆమె చేతికి ఇవ్వనూ లేదు. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు.

రెండో యూనిట్‌కి షరతుల మీద అనుమతి వచ్చింది. కంచెకు దారాలుంటాయి. సోమవారం సోమవారం ఊరి ఆడవాళ్ళు నలుగురు వెళ్ళి చూస్తారు. ప్రతి షిఫ్టుకీ బాధ్యుడి పేరు గేటు మీద బోర్డులో రాస్తారు. ఇది మంచి ఒప్పందమని పట్నాయక్ గారు సంబరపడ్డారు, మా దారం గురించి రెండు సదస్సుల్లో మాట్లాడి వచ్చారు. ఊళ్ళో దిండ్లన్నీ పోయాయి. నేలల మీది నల్లిసక ఎత్తి ఏటి ఇసక పోశారు. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. ధరణికి పళ్ళొచ్చాయి, నడక వచ్చింది. ఈ మాట అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా, "ఇప్పటికి," అనేది.

బజారు మళ్ళీ తెరుచుకుంది గానీ అమ్మే మారిపోయింది. పురుళ్ళకు వెళ్ళడం మానేసింది. పక్కింటివాళ్ళు పిల్లను ఎత్తుకోమంటే చేపల చేతులని సాకు చెప్పేది. అంత ధీమా అయిన మనిషిని నేనే ఇలా చేశాననిపించేది. నిజం చెప్పినందుకు పశ్చాత్తాపపడకూడదంటారు. నేను పడ్డాను. ఇప్పటికీ అప్పుడప్పుడు పడతాను.

మరుసటి ఏడు నేను నెల తప్పాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి. మొదటి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి కదా. మా అత్తగారు ఊరి పేరెత్తితేనే వద్దని చేతులు ఊపేవారు. విచిత్రమేమిటంటే అమ్మ కూడా వద్దంది.

"ఇక్కడికి రాకే. ఆస్పత్రికాడే ఉండు. నానొచ్చి దూరాన్నుంచి సూసి ఎల్లిపోతాను."

నాకు భయం లేదని చెప్పను. ఊరెళ్ళి ఇంటి నేల కొలిచాను, నీళ్ళు కొలిచాను, గోడ కొలిచాను. అంకెలన్నీ మా విశాఖ ఇంటి అంకెలకు సమానంగానే ఉన్నాయి. అయినా కడుపులో బిడ్డ కదిలినప్పుడు అంకెలు పెద్దగా ధైర్యం చెప్పవు. అప్పుడు తెలిసింది, మెట్ట చుట్టూ ఉన్న ఎనిమిది ఊళ్ళలో ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ ఎలా నిద్రపోయారో. వాళ్ళకు నేను ఎన్నిసార్లు అంకెలు చదివి వినిపించానో తలుచుకుంటే సిగ్గేసింది.

ప్రసవం పెద్దాసుపత్రిలోనే అయింది. ఆడపిల్ల. తొమ్మిదో రోజున ఎవరినీ అడగకుండా కారు మాట్లాడుకుని ఊరికి వచ్చేశాను.

అమ్మ గుమ్మంలోనే ఉంది. ఇల్లు అలికి, మంచం వేసి, ఆవాల దిండు సిద్ధం చేసి పెట్టింది. వద్దన్న మనిషి అన్నీ చేసే పెట్టింది. వేడినీళ్ళు కాగుతున్నాయి. పిల్లను చూసి కళ్ళు తుడుచుకుంది, రెండడుగులు ముందుకు వచ్చి ఆగిపోయింది.

"ఎత్తుకో," అన్నాను.

"పక్కింటి నూకాలమ్మ పోస్తాది నీళ్ళు. పిలిసినాను."

"నూకాలమ్మ నా తల్లి కాదు. ఎత్తుకో అమ్మా."

ఆమె చేతులు కొంగులో చుట్టుకుంది. తర్వాత చిన్నగా, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"నీకాడ ఆ కూతపెట్టే మిసను ఉందేటి?"

"ఉంది. ఎందుకు?"

"నా సేతులు కొలిసి సెప్పు. నువ్వు పుట్టినకాడ్నుంచి కడిగినాను ఆ ఇసక. ఎన్నిసార్లు తోమినా నాకు నమ్మకం నేదు. ముందు కొలువు. అప్పుడిస్తే పుచ్చుకుంటాను."

ఆ ఇసక చేతులకు అంటుకుని ఉండిపోదు. కడిగితే పోతుంది. ఏడాదికి పైగా కడుగుతూనే ఉంది. అది నాకు తెలుసు, కొలవక్కర్లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఆమె తలూపేది, నూకాలమ్మ వచ్చి నీళ్ళు పోసేది.

పిల్లను మంచం మీద పడుకోబెట్టి, సంచిలోంచి మీటరు తీశాను. అమ్మ రెండు చేతులూ చాపింది. పొలుసులు గీసీ గీసీ మొద్దుబారిన వేళ్ళను ఎడంగా విప్పి పెట్టింది. ముందు గోడ దగ్గర కొలిచి అంకె చదివాను. తర్వాత నా చేయి కొలిచి చదివాను. ఆ తర్వాత ఆమె కుడి అరచేయి, ఎడమ అరచేయి, ఒక్కొక్క వేలు, గోళ్ళ సందులు. ఎక్కడా తొందరపడలేదు. పది వేళ్ళకీ పది అంకెలు పైకి చదివాను. ఆమె పెదాలు కదుపుతూ ప్రతి అంకెనీ నాతోపాటు అంది.

"గోడకెంతన్నావు?"

"సున్నా పాయింటు ఒకటి రెండు."

"నా సేతులకి?"

"అంతే."

"నీ సేతికి?"

"అంతేనమ్మా."

కాసేపు నా మొహంలోకే చూసింది. మీటరు వైపు చూడలేదు.

"పొయ్యి కాడ్నుంచి నీళ్ళు దింపమను," అంది, గుమ్మంలోకి వస్తున్న నూకాలమ్మకు వినపడేలా. నేల మీద కూర్చుని, చీర మోకాళ్ళదాకా లాక్కుని, రెండు కాళ్ళూ చాపి, పిల్ల కోసం చేతులు ముందుకు పెట్టింది.